నాలుగింటి ఫోను

పురోహితుణ్ని తీసేస్తే ఏ మతమూ వారం రోజులు కూడా నిలవదని ముప్ఫై ఏళ్లుగా రాస్తున్నాను. సభల్లో వాదించాను. చాలాసార్లు గెలిచాను కూడా. కిందటి డిసెంబరులో ఫోన్‌లో ఇదే మాటంటే జ్ఞానసుందరం పకపకా నవ్వాడు.

"ఒరేయ్ నాస్తికా, మా చర్చికి సొంత అయ్యగారు లేక నాలుగేళ్లయింది. ఇంకా నిలబడే ఉంది. వచ్చి చూసి అప్పుడు రాయి."

జ్ఞానం, నేను బందరు కాలేజీలో ఒకే బెంచీ. వాడు దొరల కాలంనాటి ఆంగ్లికన్ చర్చిలో పెరిగినవాడు. ఇప్పుడు న్యూయార్క్ రాష్ట్రం ఉత్తరాన, కొండల అంచున, ఓ చిన్న ఊళ్లో పేపర్ మిల్లు కెమిస్టు. అక్కడ ఆంగ్లికన్ల వరసకే చెందిన ఎపిస్కోపల్ చర్చి ఒకటుంది. వాడు దానికి సీనియర్ వార్డెన్.

"వార్డెనంటే? హాస్టల్ వార్డెనా, జైలు వార్డెనా?"

"రెండూ. మంచు ఎత్తేదీ నేనే, తిట్లు తినేదీ నేనే."

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం బయల్దేరాను. మా పిస్కాటవే నుంచి మా ఆవిడ ఎడిసన్ స్టేషన్‌కి డ్రాప్ చేసింది. 7.05కి లోకల్, న్యూయార్క్‌లో ఎనిమిదింటికి దిగి 8.15కి ఆల్బనీ రైలు. వెళ్లేవాళ్లు ఎడమ చేతి కిటికీ చూసుకుని కూర్చోండి, హడ్సన్ నది దారంతా పక్కనే ఉంటుంది. నేను వెళ్లిన రోజు అది గడ్డకట్టి, పగిలి, పలకలు పలకలుగా ఒకదానిమీదొకటి ఎక్కి ఉంది. చూడటానికి బాగుందని రాయలేను. అందులో పడితే మనిషి ఎంతసేపుంటాడన్న లెక్క ఒక్కటే నా బుర్రలో తిరిగింది.

10.50కి ఆల్బనీ. స్టేషన్‌లో గుడ్డు శాండ్‌విచ్, కాఫీ. 12.30కి బస్సు. ముందుగా బుక్ చేసుకుంటే రైలూ బస్సూ కలిపి నూరు డాలర్ల లోపే.

బస్సులో పక్క సీటు ఆవిడ నర్సు. అల్లిక పని చేసుకుంటూ, "ఆదివారం దాకా ఉంటారా? వెళ్లగానే బాత్‌టబ్ నిండా నీళ్లు పట్టుకోండి," అంది.

"ఎందుకండీ?"

"రేపు తుఫాను. కరెంటు పోతే పంపు ఆగిపోతుంది."

అలా చెప్పి మళ్లీ కుట్లు లెక్కపెట్టుకుంది. రెండున్నర ప్రాంతంలో ఒక మలుపు దగ్గర బస్సు పక్కకి జారింది. చప్పుడేమీ లేదు. రోడ్డు మెల్లిగా తిరిగిపోతున్నట్టనిపించింది, అంతే. మళ్లీ దారిలో పడ్డాక డ్రైవర్ "సారీ" అన్నాడు. నర్సు అల్లికలో ఒక కుట్టు తప్పి, వెనక్కి వెళ్లి సరిచేసుకుంది. నా చేతులు ఊరొచ్చేదాకా ముందు సీటు కమ్మీని వదల్లేదు.

3.10కి జ్ఞానం బస్టాపులో ఉన్నాడు. నా బూట్లు చూసి, "పెళ్లికొచ్చావేంట్రా?" అన్నాడు. వాడి ఇంట్లోనే బస. వాడి భార్య కరుణ గారు వేడివేడిగా చారు పోశారు. బాత్‌టబ్ నింపమని నేనే గుర్తుచేశాను. అప్పటికే నిండి ఉంది.

శనివారం ఉదయం పదింటికి చర్చి హాలులో మీటింగు. మడత బల్ల చుట్టూ తొమ్మిది మంది. దీన్ని వెస్ట్రీ అంటారు, సంఘం ఓట్లేసి ఎన్నుకున్న కమిటీ. రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు భోజన సంస్కారం జరపడానికి పక్క జిల్లా నుంచి ఒక ప్రీస్టు నెలకోసారి వస్తుంది. అవును, ఆడమనిషే. మిగతా వారాలన్నీ వీళ్లే. ఒకరు ప్రసంగం చెబుతారు, ఒకరు బాయిలర్ చూస్తారు, ఒకరు రోగుల ఇళ్లకి వెళ్తారు. మూణ్నెల్లకోసారి పనులు మారతాయి. పోయినసారి బాయిలర్ చూసిన మెకానిక్కే ఈసారి ప్రసంగాలట.

"ఏం చెబుతావు?" అని అడిగాను.

"క్లుప్తంగా చెబుతాను. నా ప్రసంగాలకి అదొక్కటే మంచి పేరు," అన్నాడు.

నోటుబుక్కు తీసి గబగబా రాసుకున్నాను. నా సిద్ధాంతానికి ఎదురుగా కూర్చుని తొమ్మిది మంది డోనట్లు తింటున్నారు. నాకు నచ్చలేదు. ఎక్కడో ఒక పురోహితుడు దాక్కుని ఉండాలి. వీళ్లలో పెత్తనం ఎవరిది, ఎవరి మాటకి ఎవరు తలొంచుతున్నారు, అది వెతుకుతున్నాను. అందుకని మాటలు సగమే వింటున్నాను. ఈ సంగతి ముఖ్యం, అందుకే రాస్తున్నాను.

నా పక్కన డొరొతీ కూర్చుంది. స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. గొంతు ఇంకా బస్సు చివరిదాకా వినపడేలాగే ఉంటుంది. తుఫాను రోజుల్లో ఒంటరిగా ఉండేవాళ్లకి సాయంత్రం నాలుగింటికి ఫోన్ చేయడం వీళ్ల పద్ధతి. ఆ జాబితా ఆవిడ చేతిలో ఉంది. పన్నెండు పేర్లు. ఫోన్ ఎత్తితే ఏమీ చెప్పక్కర్లేదు. ఎత్తకపోతే డొరొతీకి చెప్పాలి. అరగంటలో ఎవరో ఒకరు ఆ ఇంటికి బయల్దేరతారు. వివరం బాగుందని అది కూడా రాసుకున్నాను.

ఒకరు జలుబుతో రాలేదు. ఆ మనిషికి రాసిన పేరు మిగిలింది. డొరొతీ నావైపు తిరిగి కాగితం మీద వేలు పెట్టి చెబుతోంది. వాల్టర్, ఎనభై ఆరేళ్లు, నాలుగు మైళ్ల అవతల లోయలో ఉంటాడు.

"ఊఁ."

సెల్ సిగ్నల్ రాదు, గోడకి పాత ఫోనుంది.

"ఊఁ."

మెల్లిగా నడుస్తాడు, చాలాసేపు మోగనివ్వాలి. నాలుగింటికి, మీకు ఇబ్బంది లేదుగా?

"ఊఁ," అన్నాను, మెకానిక్ వైపు చూస్తూ.

మనవాళ్లకి వేరే చెప్పనక్కర్లేదు. ఊఁ కొట్టడమంటే ఒప్పుకోవడం కాదు. వింటున్నాను, తర్వాత చెప్పు, అని. ఆ మూడో ఊఁకి నేను వినడం కూడా లేదు. డొరొతీ చెవికి అది అచ్చం వాళ్ల 'సరే' లాగే వినపడింది. థాంక్యూ అని కాగితం మీద ఏదో రాసుకుంది. ఎందుకు థాంక్యూ అన్నదో కూడా నేను ఆలోచించలేదు.

పన్నెండింటికి మంచు మొదలైంది. రెండింటికల్లా ఎదురిల్లు కనపడటం మానేసింది. మూడింటికి కరెంటు పోయింది. జ్ఞానం కట్టెల పొయ్యి రాజేశాడు. గాలికి కప్పు కీచుమంటోంది. పెరట్లో ఏదో కొమ్మ ఫటేలున విరిగింది. కరుణ గారు ఉలిక్కిపడి నవ్వారు. నేనూ ఉలిక్కిపడ్డాను, నవ్వలేదు. నాలుగింటికి జ్ఞానం తన వంతుకొచ్చిన ముగ్గురికీ ఫోన్లు చేశాడు. వాడు "హలో" అంటుంటే నేను పొయ్యి పక్కన కూర్చుని ఒక వాక్యం రాసుకుంటున్నాను. 'వీళ్లు దేవుణ్ని టెలిఫోన్ ఎక్స్ఛేంజిగా మార్చారు.' వాక్యం బాగా కుదిరిందని సంతోషించాను.

ఆదివారం మంచు తగ్గింది, ఆగలేదు. తొమ్మిదింబావుకి జ్ఞానం కారులో చర్చికి వెళ్లాం. పధ్నాలుగు మంది వచ్చారు, కోట్లు విప్పకుండానే కూర్చున్నారు. ఆ రోజు ప్రార్థన నడిపే వంతు జ్ఞానానిది. పుస్తకం తెరిచి చదవడం మొదలుపెట్టాడు. డొరొతీ నా వరసలోకి వచ్చి కూర్చుంటూ అడిగింది.

"వాల్టర్ ఎలా ఉన్నాడు?"

"వాల్టర్ ఎవరండీ?"

ఆవిడ నా మొహంలోకి చూసింది. సంచిలోంచి కాగితం తీసింది. వాల్టర్ పేరు పక్కన 'జి. ఫ్రెండ్' అని ఉంది. కాసేపు ఆ అక్షరాలు ఎవరివో నాకు తెలియలేదు. జి అంటే గ్నానమ్, ఇక్కడివాళ్ల నోట జ్ఞానం. వాడి ఫ్రెండు నేనే.

డొరొతీ అక్కడే ఫోన్ చేసింది. మోగింది. మోగుతూనే ఉంది. ఇరవై దాకా లెక్కపెట్టి తర్వాత మానేశాను.

జ్ఞానానికి చెబితే ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. పుస్తకం మూసి చుట్టూ చూశాడు. మెకానిక్ లేచి ఆ పుస్తకం అందుకుని, "ఎక్కడిదాకా అయింది?" అన్నాడు. మేం తలుపు దాటేలోపే వాడి గొంతు ఆపిన చోటినుంచే మొదలైంది. డొరొతీ అప్పటికే అంబులెన్సుతో మాట్లాడుతోంది. నేను వెతికిన పురోహితుడు ఎక్కడా లేడు. ఆ క్షణాన నాకది అక్కర్లేదు కూడా.

నాలుగు మైళ్లకి నలభై నిమిషాలు పట్టింది. రోడ్డు, కాలవ, పొలం, అన్నీ ఒకే తెలుపు. జ్ఞానం తల అద్దానికి ఆనించేంత దగ్గరగా పెట్టి డ్రైవ్ చేస్తున్నాడు.

"ఒరేయ్, నేను ఊఁ అన్నానంతే. ఒప్పుకోలేదు..."

"తెలుసు."

"ఆవిడకి ఎలా తెలుస్తుంది?"

"తెలియదు. మాట్లాడకురా, రోడ్డు కనపడట్లేదు."

ఆ నలభై నిమిషాలూ నేను వాదిస్తూనే ఉన్నాను, నాతోనే. భాషాభేదం. పద్ధతిలో లోపం. అతిథికి పని అప్పగించడం తప్పు. అన్నీ నిఖార్సయిన వాదనలే. ఏ సభలోనైనా నిలుస్తాయి. ఒక్కటీ ఆ కారులో నిలవలేదు. ఇల్లు కనపడింది. పొగగొట్టం నుంచి పొగ లేదు. వాకిట్లో అడుగు జాడ లేదు.

ముందు తలుపు రాలేదు. తొడల్లోతు మంచులో పెరటివైపు వెళ్లాం. మెట్ల మీద కట్టెపేళ్లు చెల్లాచెదరుగా, సగం మంచులో. వంటింటి తలుపు వారగా తీసే ఉంది. నేను బయటే ఆగిపోయాను. నిజం రాయాలి కదా. జ్ఞానం లోపలికెళ్లాడు, నేను వెళ్లలేకపోయాను. లోపల మనిషి ఉన్నాడా, శవం ఉందా, రెంటిలో ఏది చూడాలో తెలియక చలిలో నిలబడ్డాను. ముప్ఫై ఏళ్లు చావు గురించి ధైర్యంగా వ్యాసాలు రాసినవాణ్ని.

"రా! దుప్పట్లు! బతికే ఉన్నాడు!"

నేల మీద, గోడ ఫోను కింద, కాళ్లు తుడుచుకునే పట్టా కప్పుకుని పడి ఉన్నాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. ముందు రోజు మూడింటికి కట్టెలు తెస్తూ మెట్ల మీద జారాడట. తుంటి విరిగింది. పాక్కుంటూ లోపలికి వచ్చాడు. ఫోను అందదని తెలుసు. అందక్కర్లేదని కూడా తెలుసు. నాలుగింటికి అది మోగుతుంది, తను ఎత్తడు, అరగంటలో ఎవరో వస్తారు. ఆ లెక్కతో దాని కిందకి చేరి పడుకున్నాడు. పొయ్యి ఆరిపోయింది. ఫోను మోగలేదు.

మంచు తోసే బండి వెనకాలే అంబులెన్సు వచ్చింది.

సోమవారం ఉదయం పదకొండింటికి హాస్పిటల్‌కి వెళ్లాను. ఆపరేషన్ అయింది, ప్రాణానికి ఫర్వాలేదన్నారు. పాదాల సంగతి ఇంకా చెప్పలేమన్నారు. వాల్టర్ కళ్లు తెరిచే ఉన్నాయి. నిన్న నాలుగింటికి కాదు, మొన్న నాలుగింటికి ఫోన్ చేయాల్సినవాణ్ని నేనే, అని చెప్పాను. ఊఁ గురించి కూడా చెప్పబోయి మానేశాను.

తల నావైపు తిప్పాడు. "గ్నానమ్ చెప్పాడు. నువ్వేనా దేవుణ్ని నమ్మనివాడివి?"

"నేనే."

"మరి ఇంకెవరు చేస్తారనుకున్నావు?"

ఎగతాళి కాదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. కాసేపటికి నిద్రపోయాడు.

ఆ సాయంత్రం అయిదింటికి వెస్ట్రీ మళ్లీ కూర్చుంది. తప్పు నాది అని లేచి చెప్పాను. అంతటితో అయిపోతుందనుకున్నాను. అవలేదు. "స్పష్టంగా అవునో కాదో నేను అడగాల్సింది. కొత్త మనిషి," అంది డొరొతీ. "వార్డెన్ని నేను. జాబితా మళ్లీ చూడలేదు," అన్నాడు జ్ఞానం. శనివారం అయిదింటికి బండి మీద ఆ లోయ మొదట్లోంచే వెళ్లాను, పొగ వస్తోందో లేదో తలెత్తి చూడలేదు, అన్నాడు మెకానిక్. పనుల్లాగే తప్పు కూడా పంచుకుంటున్నారు. ఎవరి ముక్క వాళ్లు తీసుకున్నారు. నా ముక్క మాత్రం ఎవరూ తీసుకోలేదు, క్షమించామని కూడా అనలేదు. ఇకమీదట ఎత్తినా ఎత్తకపోయినా డొరొతీకి చెప్పాలని తీర్మానం రాసుకుని బాయిలర్ విషయానికి వెళ్లారు.

నేను కూర్చునే ఉన్నాను. 'పోనీలే, అయిపోయింది' అని అధికారంతో చెప్పేవాడు ఒక్కడుంటే బాగుండునని అనిపించింది. గౌను వేసుకున్నా సరే, పిలక పెట్టుకున్నా సరే. ముప్ఫై ఏళ్లలో మొదటిసారి పురోహితుడు కావలసి వచ్చాడు, అదీ ఆ గదిలో నా ఒక్కడికే. వాళ్లకి అక్కర్లేదు.

మంగళవారం 10.15కి తిరుగు బస్సు, 2.20కి ఆల్బనీ నుంచి రైలు. ఎండ కాసింది, నది మీద మంచు కళ్లు చెదిరేలా మెరుస్తోంది. పోకీప్సీ దాటాక జ్ఞానం ఫోన్ చేశాడు.

"ఎడమ కాలికి రెండు వేళ్లు తీసేశారురా. మిగతావి దక్కుతాయట. మనిషి మాట్లాడుతున్నాడు."

"నన్నేమైనా అన్నాడా?"

"లేదు. అనమంటావా?"

ఫోన్ పెట్టేశాను. ఎదురుగా కూర్చున్న పెద్దాయన, "అంతా బాగేనా?" అన్నాడు. బాగులేదనే చెప్పాను.

ఆ చర్చి గురించి అడిగేవాళ్లకి నేను చెప్పగలిగింది ఇంతే. అయ్యగారు లేకపోయినా నిలబడింది, నేను ఓడిపోయాను. పైన ఎవడూ లేడని ఇప్పటికీ అంటాను. ఆ మాట ఇన్నాళ్లూ తేలిగ్గా, కాస్త గర్వంగా అన్నాను. పైన ఎవడూ లేకపోతే చేయాల్సింది కింద ఉన్నవాడే, అందులో నేనొకణ్ని. పాదానికి రెండు వేళ్లు తక్కువైన ముసలాయన ఒకడు ఆ కొండల్లో ఉన్నాడు. మళ్లీ ఎక్కడో వినకుండా ఊఁ కొడతానేమోనన్న భయం రైలు న్యూయార్క్ చేరేదాకా తగ్గలేదు. తగ్గాలని నేను కూడా కోరుకోలేదు.