ఆళ్లగడ్డలో పోనని మొండికేసిన ఇసుక గడియారం

ఇప్పటి పిల్లలు నవ్వుతారు గానీ, ఆ కాలంలో స్క్రీన్ మీద బాణం కాస్తా ఇసుక గడియారంగా మారితే జనం చేతులు కట్టుకుని కూర్చునేవాళ్లు. నేను తప్ప. నాకు పుట్టుకతోనే నిలకడ లేదు. తొంభైల చివర్లో నంద్యాలలో ఓ చిన్న కంప్యూటర్ సెంటర్‌లో ప్రోగ్రాములు రాసేదాన్ని. బాణం, చెయ్యి, గడియారం వంటి మౌస్ గుర్తులు మాకు ముందే తయారుగా ఉండేవి, పేరు రాస్తే చాలు. పని మొదలవగానే గడియారం పెట్టాలి, పని కాగానే మళ్లీ బాణం పెట్టాలి. (మొదటిది నేనెప్పుడూ మరిచిపోలేదు.)

ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కే ఒక తాత మాతో ప్రోగ్రాం రాయించుకున్నారు. విగ్రహం ఎత్తు చెబితే ముఖం నుంచి పాదం దాకా కొలతలన్నీ విడగొట్టి అచ్చు వేస్తుంది. అది ఆయన కంప్యూటర్‌లో పెట్టేసి, బస్సు తప్పిపోతుందన్న తొందరలో, "తాతా, గడియారం ఉన్నంతసేపు ఏదీ ముట్టుకోవద్దు, లెక్క చెడిపోతుంది" అని బెదిరించి వచ్చేశాను. చెడిపోయేదేమీ లేదు, ప్రశ్నలు తప్పించుకోవడానికి అలా అన్నాను.

మర్నాడు ఎస్టీడీ బూత్ నుంచి ఆయన ఫోన్. "మే పాపా, తొమ్మిదికి నొక్కినా. గడియారం ఇంకా పోల్యా. వెలుగోడు గుడి కమిటీ వాళ్లు వచ్చి కూర్చున్యారు. కాగితం చూసినాకనే విగ్రహం పని మనకిచ్చేదీ లేనిదీ చెప్తామంటాండారు."

బాణం పెట్టే ఒక్క వరుస రాయడం మరిచిపోయాను. లెక్క రెప్పపాటులో అయిపోయి ఉంటుంది. "ఏం కాదు తాతా, అచ్చు బటన్ నొక్కండి" అన్నాను.

"చెడిపోతాదంటివే. నేను ముట్టను. నువ్వే రా."

బస్సు ప్రతి ఊళ్లోనూ ఆగింది. నేను లేచి, కూర్చుని, మళ్లీ లేచి, ఇంకెంత దూరమని మూడోసారి అడిగేసరికి కండక్టర్, "ఏందిమ్మా, దిగి తోస్తావా?" అన్నాడు.

వెళ్లేసరికి మధ్యాహ్నం. తాత చేతులు కట్టుకుని స్క్రీన్ ముందు, కమిటీ వాళ్లు నలుగురూ ఆయన వెనక. ఉలి చప్పుడుకు లెక్క తప్పుతుందేమోనని పనివాళ్లను కూడా ఆపించారట. గడియారం అలా ఉండగానే నొక్కాను. కాగితం వచ్చింది. "ఇప్పుడే అయింది తాతా" అన్నాను సిగ్గులేకుండా.

కమిటీ పెద్ద కాగితాన్ని కళ్లకద్దుకున్నాడు. "కంప్యూటరు మూడు గంటలు చూసిందప్పా. నిన్న ఇంకోచోట ఐదు నిమిషాల్లో రాసిచ్చినారు. వాళ్లనేం నమ్మేది?" విగ్రహం పని తాతకే వచ్చింది.

వారం తిరక్కముందే వెళ్లి ఆ వరుస రాశాను. తాత నొక్కగానే బాణం తిరిగొచ్చింది. "ఏందీ, అప్పుడే?" అని ముఖం చిట్లించారు. ఇక దాచలేక అంతా చెప్పేశాను.

ఆయన తిట్టలేదు. "ఆ పొద్దు పనిలేక ఎదురుగా సగం చెక్కి ఉండే రాయినే చూస్తా కూర్చున్యా. మోకాలి కాడ చీలిక కనపడింది. కొట్టింటే విగ్రహం నాశనమయ్యేది. ఆ గడియారం మళ్లీ పెట్టు మే, రోంతసేపు ఉండనీ."

పది నిమిషాలు ఉండేలా పెట్టాను. ఎలా ఉందో చూద్దామని ఆయన పక్కనే కూర్చున్నాను కూడా. రెండో నిమిషానికి లేచి బస్టాండుకు పోయాను. ఆ తర్వాత ఇన్నేళ్లూ జనాన్ని ఎదురుచూడనివ్వని ప్రోగ్రాములు రాసే బతికాను. అలా లేచిపోయిన అప్పటి నా మీద నాకు కోపం లేదు, నవ్వే వస్తుంది. కానీ మిగతా ఎనిమిది నిమిషాలూ కూర్చుని ఉంటే తాత నాకేం చూపించేవారో అని ఇప్పటికీ మనసు పీకుతుంది.