అభ్యంతరం లేదని చెప్పని వీరప్ప

1949. నిజాం పాలన పోయిన మరుసటి వేసవి. జహీరాబాద్ తహసీల్ కచేరీలో నేను గిర్దావర్‌ని. ఊళ్ళు తిరిగి విచారించి తహసీల్దారుకు నివేదిక ఇవ్వడం నా పని. గుడికైనా మసీదుకైనా మరమ్మతు చేయాలంటే సర్కారు అనుమతి కావాలి. అంతకుముందు ఊళ్ళోని రెండో మతంవారిని పిలిచి, అభ్యంతరం ఉందా అని అడిగి పంచనామా రాసేవాళ్ళం. పాలన మారినా ఈ అలవాటు మారలేదు.

న్యాల్‌కల్ వైపు ఒక ఊళ్ళో మసీదు పడమటి గోడ ఒరిగింది. నమాజుకు అందరూ దానికెదురుగానే నిలబడతారు. వానలు దగ్గరపడ్డాయి. అనుమతి లేనిదే తాపీ పట్టనన్నాడు మేస్త్రీ. మసీదు చూసుకునే ఇస్మాయిల్ సాబ్ దరఖాస్తు పెట్టుకున్నాడు.

పంచనామాకు రైతు వీరప్పను మసీదు అరుగు మీదికి పిలిచాను. కొన్నేళ్ళ కిందట శివాలయం కప్పు కూలితే ఇతను దరఖాస్తు పెట్టాడు. అప్పుడు మా కచేరీ అడిగింది ఇస్మాయిల్ తండ్రిని. ఆయన ఒప్పుకోలేదు. గుడికి మళ్ళీ కప్పు వెయ్యనేలేదు.

ఇస్మాయిల్ తల వంచుకున్నాడు. "మా బాబా చేసింది మనసుల పెట్టుకోకు భాయ్."

"ఎట్ల మరుస్త? మా దేవునికి రోజు ఎండ కొడ్తనే ఉన్నది" అన్నాడు వీరప్ప.

"అయితే అభ్యంతరం ఉందని రాయనా?" అన్నాను.

"వద్దు."

"లేదని రాస్తాను. వేలిముద్ర వెయ్యి."

"అది గూడ వెయ్య సాబ్. ఇయాల లేదంటె, రేపు ఉన్నదనే హక్కు గూడ నాకున్నట్టే గద! ఆయన గోడకు నేనెవర్ని? నా కప్పుకు వాళ్ళ బాబా ఎవరు? గోడ నిలుస్తదా పడ్తదా మేస్త్రీనడుగుర్రి."

ఢిల్లీలో రాజ్యాంగ సభ చర్చల గురించి పఠనమందిరంలో ఒక్క పత్రిక వదలకుండా చదివేవాణ్ణి. మతానికీ ప్రభుత్వానికీ ఎంత దూరం ఉండాలో గంటసేపు చెప్పగలిగేవాణ్ణి. ఆ దూరం ఎక్కడ మొదలవుతుందో ఆ అరుగు మీద చూశాను.

"వేలిముద్ర ఏది?" అన్నాడు కచేరీలో నా నివేదిక చూసిన తహసీల్దారు.

"అది అడగవలసిన ప్రశ్న కాదు సాబ్. గోడ కూలేటట్టుంది, నా కళ్ళతో చూశాను. మనుషుల మీద పడితే జవాబు మనమే చెప్పాలి."

ఆయన అనుమతి మీద సంతకం చేశాడు. వానలకు ముందే గోడ లేచింది.

తర్వాత రాజ్యాంగం అచ్చయి వచ్చింది. మత స్వేచ్ఛ భాగాన్ని ఎన్నిసార్లు చదివానో! ఒకరి ప్రార్థనకు పొరుగువాడి ఒప్పుదల అక్కరలేదన్నది మాత్రం నాకు ముందే వీరప్ప దగ్గర తెలిసింది.

అప్పట్లో, గోడ పూర్తయిన వారంలోనే వీరప్ప శివాలయం కప్పుకోసం మళ్ళీ దరఖాస్తు తెచ్చాడు. నా ముఖంలోకి సూటిగా చూశాడు.

"ఈసారి ఎవర్నడుగుతరు సాబ్?"

"మేస్త్రీని" అన్నాను.