సింగిల్ హ్యాండ్ బండి

"బండి కొందామనుకుంటున్నా మాస్టారూ, ఈ రెండిట్లో ఏది తీసుకోమంటారు?" అని ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. అడిగినప్పుడల్లా నా కుడి భుజం సలుపుతుంది. ఆ సలుపు వెనక ఒక ఘోరం ఉంది. అది విన్నాక మీరు నన్ను జన్మలో సలహా అడగరు. నాక్కావలసిందీ అదే. చెప్పీ చెప్పీ ఓపిక అయిపోయింది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను నందిగామలో సోషల్ పాఠాలు చెప్పేవాణ్ని. డ్రైవింగు రాదు. అయినా పేపర్లో కార్ల గురించి పడ్డ ప్రతి ముక్కా చదివి, స్టాఫ్ రూములో ఉపన్యాసాలు దంచేవాణ్ని. మా బావమరిది నాని లారీ డ్రైవరు. "ఎన్నాళ్లు ఇంకొకరి బండి తోలతావురా? సొంత బండి కొని కిరాయికి తిప్పుకో" అని ఎగదోసింది నేనే. వాడు పాపం నా మాట నమ్మి ఉద్యోగం మానేసి, దాచుకున్నదంతా ఊడ్చుకొచ్చాడు.

రెండు పాత బళ్లు చూశాం. రెండూ కంపెనీల వాళ్లు చెయ్యడం ఆపేసిన మోడళ్లే. మొదటిది నందిగామలోనే, కరీముల్లా గారిది. జీపుకి ఒళ్లొచ్చినట్టు ఎత్తుగా, మొరటుగా ఉండేది. ఆయన టీ ఇప్పించి మరీ లోపాలు చెప్పాడు.

"హారన్ మోగదండి. వెనక తలుపు గట్టిగా గుద్దితేగానీ పడదు. వానొస్తే ఎడం పక్క కారుద్ది. ఇంజనుకి మాత్రం ఢోకా లేదండి."

నాని మొహం వెలిగిపోయింది. నేను వాణ్ని పక్కకి లాక్కెళ్లాను. "అమ్ముకునేవాడే ఇన్ని చెబుతున్నాడంటే, చెప్పనివి ఇంకెన్ని ఉన్నాయోరా!" చూశారా నా తెలివి?

రెండోది జగ్గయ్యపేటలో, రిటైరైన ఒక కాంట్రాక్టరు గారిది. అబ్బ, ఏం బండండీ అది! రెండే తలుపులు, వెనకంతా కప్పుదాకా వంగిన అద్దాలు. మగపెళ్లివారి ఆడపడుచులా నిగనిగలాడిపోతోంది. ఆయన అన్నది ఒక్కటే మాట.

"సింగిల్ హ్యాండ్ అండి."

పాత బళ్ల బేరంలో ఆ మాటకి అర్థం, మొదట్నుంచీ ఒక్కరే వాడారని, ఇంకొకరి చెయ్యి పడలేదని. అంతకంటే కితాబు లేదు. ఆయనే మమ్మల్ని ఎక్కించుకుని ఊరు చుట్టూ తిప్పాడు. ఎడమ చెయ్యి గేరు రాడ్డు మీద ఆనించి, కుడిచేత్తోనే స్టీరింగు తిప్పుతున్నాడు.

"చూడరా ఆ దర్జా!" అన్నాను.

"బావా, ఒక్కసారి నేను తోలి చూస్తా."

"నోర్ముయ్. పెద్దాయన స్వయంగా నడుపుతుంటే దిగమని అడుగుతామా? మర్యాద ఉండక్కర్లా?"

ఆ మర్యాదతోనే కొనేశాం. నందిగామ వెళ్లగానే కరీముల్లా గారికి కబురు కూడా చెప్పాను. "ఏమనుకోకండి, మాకు సింగిల్ హ్యాండ్ దొరికింది."

అసలు సంగతి దారిలోనే తెలిసింది, పరువు పోతుందని బయటపెట్టలేదు. రాడ్డు మీంచి చెయ్యి తీస్తే చాలు, గేరు టక్కున ఊడి న్యూట్రల్‌కి వచ్చేస్తోంది. కాంట్రాక్టరు గారికి ఫోన్ చేస్తే ఆయన ఏమాత్రం తొణకలేదు.

"చెప్పాగా మాస్టారూ, సింగిల్ హ్యాండని. స్టీరింగుకి ఒక చెయ్యే మిగులుద్ది."

మోడలే ఆగిపోయాక గేర్‌బాక్సు సామాను ఎక్కడ దొరుకుతుందని మెకానిక్కులు చేతులెత్తేశారు. ఇంతలో మొదటి కిరాయి తగిలింది. వీరులపాడు నుంచి పెళ్లికూతుర్ని వేదాద్రి నరసింహస్వామి గుడికి చేర్చాలి. "ముహూర్తానికి చేర్చావంటే మా చుట్టాల పెళ్లిళ్లన్నీ నీకే నానీ" అన్నాడు పెళ్లికూతురి తండ్రి. నాని బతుకంతా ఆ మాట మీదే ఉంది.

"జనం ఎక్కితే స్టీరింగు బరువు బావా. రెండు చేతులూ కావాలి. మరి రాడ్డు ఎవరు పట్టుకుంటారు?" అన్నాడు వాడు నీరసంగా.

మా ఆవిడ వంటింట్లోంచే తీర్పు చెప్పింది. "ఎంచింది మీ బావేగా! ఆయన్నే తీసుకెళ్లి పట్టించు."

అలా నేను ఆ బండికి చెయ్యినయ్యాను. వెనక్కి తలుపుల్లేవు కాబట్టి ముందు సీటు మడిచి పెళ్లికూతుర్ని లోపలికి దూర్చాం. పూలజడ సగం సీటుకే ఉండిపోయింది. "ఇదేం బండి నాయనా, దొంగల్లాగా దూరాలా!" అని వాళ్ల నాయనమ్మ శాపనార్థాలు.

"మాస్టారూ, ఆ రాడ్డు మీరెందుకు పట్టుకున్నారండీ?" అని వెనక నుంచి తండ్రి అడిగాడు.

"ఊరికే... ఆసరాకండి."

చిల్లకల్లు దాటాం. చెయ్యి తిమ్మిరెక్కింది, చెమటకి రాడ్డు జారుతోంది. ఎత్తు ఎక్కుతుండగా రోడ్డు పక్క టీ కొట్టు ముందు నా పాత స్టూడెంటు తండ్రి లేచి నిలబడి, "నమస్కారం మాస్టారూ!" అన్నాడు.

పెద్దమనిషి నమస్కారం పెడితే ఏం చేస్తాం? రెండు చేతులూ జోడించాను.

"బావా, చెయ్యీ!" అని నాని కేక. గేరు ధడేల్మని ఊడింది. బండి ఆగి, వెనక్కి జారి, రాతికి తట్టుకుని నిలబడింది. మళ్లీ ఏ గేరూ పడలేదు. నాయనమ్మ ఏడుపు అందుకుంది. తండ్రి వాచీ చూసుకుంటున్నాడు. నాని మొహం చూస్తే నాకే ఏడుపొచ్చింది.

అప్పుడు వెనక నుంచి ధబ్ ధబ్ మని చప్పుడు. హారన్ లేక చేత్తో తలుపు బాదుకుంటూ కరీముల్లా గారు! ఎవరో బండి చూస్తామంటే జగ్గయ్యపేట వెళ్తున్నాడట. దిగొచ్చి మా బండిలోకి తొంగిచూశాడు. నాని రెండు చేతులూ స్టీరింగు మీద. నాది మళ్లీ రాడ్డు మీద, ఏ ఆశతోనో.

"సింగిల్ హ్యాండన్నారు మాస్టారూ! మూడు చేతులు కనపడతన్నాయే?"

ఏడుస్తున్న నాయనమ్మ కూడా నవ్వింది. అందర్నీ తన బండిలోకి ఎక్కించి, తాళాలు నాని చేతిలో పెట్టాడా మహానుభావుడు. "తోలు నానీ. నచ్చితే రేపట్నుంచీ నువ్వే తోలుకో, కిరాయి చెరిసగం." ముహూర్తం అందింది. ఆ చుట్టాల పెళ్లిళ్లన్నీ నానికే దక్కాయి. మా రెండు తలుపుల సుందరి ఇప్పటికీ పెరట్లోనే ఉంది. మా ఆవిడ దాని మీద వడియాలు పెడుతుంది.

ఆ రోజు బండిలో చోటు చాలక నన్నొక్కణ్నే కాపలాగా రోడ్డు మీద వదిలేశారు. వేదాద్రి వైపు తిరిగి ఒట్టు పెట్టుకుందామంటే కుడి చెయ్యి లేవలేదు. ఎడమదే ఎత్తాను.

"నరసింహస్వామీ, ఇక ఈ జన్మలో ఎవరి బండి బేరంలోనూ వేలు పెట్టను. వేలు పెడితే చెయ్యంతా పెట్టాల్సొస్తోంది."