రాగం పేరు తెలియనివాళ్ల కోసం

పెనుకొండలో మా సంగీతం టీచర్ పోయారని నేను ధర్మవరం స్టేషన్‌లో ఉండగా ఫోనొచ్చింది. చేసింది ఆమె అక్క, మేమంతా పెద్దమ్మా అని పిలిచే ఆమె. "పాపా, చెల్లెలు పోయిందే" అని ఫోన్ పెట్టేసింది. రైలు వచ్చింది, పోయింది. నేనెక్కాల్సింది అదేనని తర్వాత తెలిసింది.

మా ఇంట్లో బడి మెట్లెక్కిన మొదటిదాన్ని నేను. నాకు పాట నేర్పిస్తానని టీచరే సోమందేపల్లి బస్సెక్కి మా ఇంటికొచ్చారు. "పాట నేర్చుకుంటే గొర్రెలు మాట వింటాయా టీచరమ్మా?" అన్నాడు నాయన. "ముందు నువ్వు వినప్పా, గొర్రెల సంగతి తర్వాత చూస్తాం. ఆదివారం పంపు, అన్నం నా ఇంట్లోనే తింటాది" అన్నారామె.

తప్పు పాడితే తిట్టేవారు కాదు. హార్మోనియం ఆపి కళ్లద్దాలు తుడుచుకునేవారు. అది చూస్తే చాలు, మళ్లీ మొదట్నుంచి ఎత్తుకునేవాళ్లం.

టీచరూ నేనూ కలిసి, ఆమె జీవితమంతా రాసిన పాటల నొటేషన్లను అందరికీ అందేలా వెబ్‌సైట్‌లో పెట్టాలనుకున్నాం. కాగితాలు ఫొటోలు తీసి ఎక్కించడం సులువే. ఏ పాటను ఏ ట్యాగ్ కింద, అంటే ఏ మాట కొడితే దొరికేలా పెట్టాలన్నదే గొడవ. హిందూపురంలో కంప్యూటర్ పని చేస్తాను కదా, రాగం, తాళం అని చక్కగా విభాగాలు వేసుకొచ్చాను. టీచర్ నవ్వారు. "మీ అవ్వకు రాగం పేరు తెలుసునా? ఆమె ఎట్ల వెతుకుతాది?" అప్పట్నుంచి ట్యాగులు మారిపోయాయి. శనక్కాయలు వలిచేటప్పుడు, శ్రీమంతానికి, బిడ్డను పడుకోబెట్టడానికి, చర్చిలో పండక్కి. ఒక పాటకు ఎన్ని ట్యాగులైనా ఉండొచ్చంటే చిన్నపిల్లలా సంబరపడ్డారు.

చావింట్లో పాడే తత్వాల దగ్గరే మాకు కుదరలేదు. 'సాగనంపేటప్పుడు' అని పెడదామన్నాను.

"వద్దు పాపా. ఆ పేరు చూస్తే మంచిరోజుల్లో ఎవరూ తెరవరు. తెరవకుంటే నేర్చుకోరు."

"అవసరమైన రోజు దొరక్కపోతే ఎట్ల టీచర్?"

"ముందే నేర్చుకొని ఉంటే వెతికే పనేముంటాది?"

ఆమె మాటా నిజమే. ఇంట్లో ఒకసారి ఆ తత్వం సాధన చేస్తుంటే మా అవ్వ చాట పడేసి వచ్చి, "ఎవరు పోయినారే ఈడ?" అని నోరు మూయించింది. చివరికి వాటికి రాగం ట్యాగ్ ఒక్కటే పెట్టాం. "నీ మాట కూడా ఆలోచిస్తాలే" అన్నారు, టీ గ్లాసు నా వైపు జరుపుతూ.

మధ్యాహ్నానికి పెనుకొండ చేరాను. టీచర్‌కిష్టమైన తత్వం పాడదామని పెద్దమ్మ ఫోన్‌లో మా వెబ్‌సైట్ తెరిచి వెతుకుతోంది. "యాడుండాదే పాపా? చావు అని కొట్టినా, సాగనంపు అని కొట్టినా రాలేదే." నాదనామక్రియ అని రాగం పేరు కొడితేనే వస్తుంది. ఫోన్ తీసుకుని, పాట తెరిచి ఇచ్చాను. తర్వాత అక్కడే గోడకానుకుని కూర్చుని, నా ఫోన్‌లో ఆ తత్వాలన్నిటికీ రాగం పక్కనే 'సాగనంపేటప్పుడు' అని చేర్చాను. చేర్చి, పడుకోబెట్టిన టీచర్ వైపు చూశాను. ఆమె ఒప్పుకున్నారని రాయలేను. వద్దని ఒక్కమాట అనుంటే వెంటనే తీసేసేదాన్ని.

పెద్దమ్మ ఫోన్‌ను దూరంగా పట్టుకుని పాట ఎత్తుకుంది. టీచర్ దగ్గర నేర్చుకున్నవాళ్లం అందరం అందుకున్నాం. రెండో చరణంలో స్వరం బాగా పైకి పోయే చోటు ఒకటుంది. క్లాసులో అక్కడ మేం పాడేవాళ్లం కాదు, టీచర్ ఒక్కరే పాడేవారు. ఆ చోటికొచ్చి అందరం అలవాటుగా ఆగిపోయాం. తాళం వేస్తున్న చేతులు మాత్రం ఆగలేదు.