యోస్ట్ అడవి చుట్టూ ఊదా గీత

తన అడవి అంచున నడిచేటప్పుడు హార్లన్ యోస్ట్ ప్రతి సరిహద్దు చెట్టు దగ్గరా ఆగి, దాని మీది ఊదా గీతకి అరచెయ్యి ఆనిస్తాడు. తీసి, అరచెయ్యి చూసుకుంటాడు. రంగు వేసి నాలుగేళ్లయింది. ఎప్పుడో ఆరిపోయింది. అయినా చూసుకుంటాడు.

ఊదా గీత ఉన్న చెట్టు దాటి లోపలికి వెళ్లకూడదు. అది మా లోయలో అందరికీ తెలుసు. వాళ్ల నాన్న బతికున్నన్నాళ్లూ ఆ తొంభై ఎకరాల చుట్టూ గీత లేదు. నవంబరు చివర తుపాకీలతో జింకల వేట మొదలైతే ఎవరికి నచ్చిన చోట వాళ్లం కూర్చునేవాళ్లం.

హార్లన్ రంపపు మిల్లులో ముప్పై ఎనిమిదేళ్లు పనిచేశాడు. రెండు వేళ్లు అక్కడే పోయాయి. భార్య పోయింది. పిల్లలు లేరు. మోకాలు చెడ్డాక అడవిలో తిరగడం తగ్గి, చెట్లకి కెమెరాలు కట్టుకున్నాడు. ఎదుట ఏది కదిలినా వాటంతట అవే ఫోటో తీస్తాయి. జింకలు, ఒక ముసలి ఎలుగు, ఎవరూ లేని మంచు. సాయంత్రం అవి చూసుకుంటూ సూప్ తాగేవాడు. మొదటి కెమెరా పోయిన వారమే రంగు డబ్బా కొన్నాడు.

"చెట్లకి లిప్‌స్టిక్ పూస్తున్నావేంట్రా?" అన్నాడు వెర్నన్ కుజ్మా. పక్క భూమి అతనిది. ఒకటో తరగతి నుంచి స్నేహితుడు.

"నీకు కాదులే. నీకెప్పుడు కావాలంటే అప్పుడు రా."

"అడిగే వస్తా. గీసింది ఎవడైనా గీత గీతే."

అన్నట్టే అడిగే వచ్చేవాడు. దెబ్బ తగిలిన జింక గీత దాటి పోతే ముందు ఇంటికొచ్చి అడగాలి. ఆయుధం బండిలో వదిలి లోపలికి వెళ్లాలి. వెర్నన్ వంటింటి తలుపు తట్టి, టోపీ తీసి, కొత్తవాడిలా ముఖం పెట్టి అడిగేవాడు. హార్లన్ కూడా కాసేపు ఆలోచించినట్టు నటించి సరే అనేవాడు.

ఈ ఏడు వేసవిలో ఇంకో కెమెరా పోయింది. అక్టోబరులో హార్లన్ మూడోది కట్టి, దానికి ఎదురుగా నిచ్చెన వేసుకుని, పన్నెండడుగుల ఎత్తున నాలుగోది కట్టాడు, కిందిదాన్ని కనిపెట్టుకుని ఉండేలా. చలికి చేతి తొడుగులు తియ్యకుండానే దానికి తేదీ, టైము పెట్టాడు.

నవంబరు నడుమ వెళ్లి చూస్తే కింది కెమెరా లేదు. పట్టీ ముక్క వేలాడుతోంది. పైదాన్లోంచి ఫోటోల కార్డు తీసి ఇంటికి తెచ్చాడు. నారింజ రంగు చొక్కా వేసుకున్న మనిషి వంగి పట్టీ కోస్తున్నాడు. వీపే కనిపిస్తోంది. మూలన తేదీ: నవంబరు 3, పొద్దున 7:10.

మూడో తారీఖు పొద్దున లోపలికి వెళ్లింది ఎవరో అతనికి తెలుసు. అప్పుడు బాణాల వేట నడుస్తోంది; బాణం తగిలిన జింక కోసం అడిగి వెళ్లింది వెర్నన్ ఒక్కడే. మిగతా ఫోటోలు చూడకుండా హార్లన్ ల్యాప్‌టాప్ మూసేశాడు.

ఆదివారం పొద్దున ఊరి అగ్నిమాపక దళం వాళ్ల ఫైర్ హాల్లో అందరం పాన్‌కేకులు తింటున్నాం.

"హార్లన్, దొంగ దొరికాడా?" అన్నాడు పెనం దగ్గరున్న డెల్మర్. "ఆ ఎలుగేనేమో చూడు. ఫోటోలో లావుగా పడ్డానని కోపమొచ్చి పట్టుకుపోయుంటుంది."

అందరం నవ్వాం. హార్లన్ నవ్వలేదు.

"దొరికాడు. వెర్నన్, నా కెమెరాలు ఇచ్చెయ్."

వెర్నన్ ఫోర్కు కింద పెట్టాడు. "ఏం కెమెరాల్రా?"

"మూడో తారీఖు. ఫోటో ఉంది."

"నా మొహం ఉందా అందులో?"

"వీపుంది. అరవై ఏళ్లుగా చూస్తున్నా ఆ వీపు."

వెర్నన్ భార్య డార్లీన్‌కి ఆపరేషన్ అయి వారమే. బల్ల అంచు పట్టుకుని లేవబోయింది. వెర్నన్ ఆమె భుజం మీద చెయ్యి వేశాడు.

"నువ్వు, నన్ను, అలా అనుకున్నావా?" అన్నాడు. "సరే. ఇంక నీ గీత దాటను."

ప్లేట్లు అలాగే వదిలేసి ఇద్దరూ వెళ్లిపోయారు. ఆ రోజు నుంచి వెర్నన్ కుక్కలు కూడా ఇటు రాలేదు. కట్టేసి ఉంచాడు.

థాంక్స్‌గివింగ్ పండగ నాడు హార్లన్ ఏటా కుజ్మాల బల్ల దగ్గర టర్కీ తినేవాడు. ఈసారి సూప్ డబ్బా తెరిచాడు. ఎల్లుండి నుంచి తుపాకీ వేట. కార్డు చెరిపి మళ్లీ కెమెరాలో పెడదామని ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. చెరిపే ముందు చివరిదాకా చూశాడు.

చివరి ఫోటో అతనిదే. నిచ్చెన దగ్గరికి వస్తున్నాడు. దవడ వాచి ఉంది, తలచుట్టూ రుమాలు. పన్ను పీకించుకుని వస్తూ దారిలో కార్డు తీసిన రోజు. మూలన నవంబరు 5 అని ఉంది.

ఫ్రిజ్ మీద పళ్ల డాక్టరు చీటీ చూశాడు. పన్ను పీకింది పన్నెండున.

చేతి తొడుగులతో పెట్టిన తేదీ ఏడు రోజులు వెనకుంది. అయితే పట్టీ కోసింది మూడున కాదు, పదిన. పదో తారీఖున వెర్నన్ అరవై మైళ్ల అవతల ఆసుపత్రిలో డార్లీన్ పక్కన ఉన్నాడు. వాళ్లు అక్కడున్న నాలుగు రోజులూ కుక్కలకి తిండి పెట్టింది హార్లనే. తిరిగొచ్చాక వెర్నన్ ఊరవేసిన గుడ్లు ఒక సీసా ఇచ్చాడు. అందులో సగం ఫ్రిజ్‌లో ఇంకా ఉన్నాయి.

ఆ నారింజ చొక్కా ఎవరిదో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

హార్లన్ ఫోన్ తీశాడు. పెట్టేశాడు.

మర్నాడు పొద్దున, అరవై ఏళ్లుగా నడిచిన అడ్డదారిన వెర్నన్ ఇంటికి బయల్దేరాడు. అంచున ఉన్న ఓక్ చెట్టు దగ్గర ఆగాడు. ఆ చెట్టుకి అతని గీత అవతలి వైపు, వెర్నన్ భూమికి ఎదురుగా ఉంటుంది. ఇవాళ ఇవతలి వైపు కూడా ఒక గీత ఉంది. పక్క చెట్టుకీ ఉంది. దాని పక్కదానికీ.

ఎప్పటిలాగే అరచెయ్యి ఆనించాడు. తీసి చూసుకున్నాడు. చెయ్యంతా ఊదా రంగు.

అతను ఆ చెట్టు దాటలేదు. ఇంటికొచ్చి బండి తీశాడు. రోడ్డు చుట్టూ తిరిగి నాలుగు మైళ్లు వెళ్లి కుజ్మాల ఇంటి ముందు ఆపాడు. తుపాకీ బండిలోనే వదిలాడు. వంటింటి వైపు వెళ్లలేదు. ఎన్నడూ తట్టని వీధి తలుపు ముందు నిలబడి, టోపీ తీసి, రంగు అంటని చేత్తో తట్టాడు.