గాజుపెట్టె అవతలి తల్లి

మొన్న గుంటూరులో మా మనవడు నెలలు నిండకుండానే పుట్టాడు. అక్కడి నర్సమ్మాయి వాణ్ణి మా కోడలి రొమ్ము మీద ఒంటికి ఒళ్ళు తగిలేలా బోర్లా పడుకోబెట్టి దుప్పటి కప్పింది. నేను వద్దనబోయాను. "మీరు కాస్త కూర్చోండి నాయనమ్మగారూ, వాళ్ళమ్మ ఒంటి వేడే వీడికి మందు" అంది. పాతికేళ్ళు నర్సుగా చేసినదాన్ని, బుద్ధిగా కూర్చున్నాను. ఆ తర్వాత తలెత్తబుద్ధి కాలేదు.

డెబ్బైల్లో ఒమన్‌లో, బహ్లా దగ్గర ఒక చిన్న ఆసుపత్రిలో పనిచేసేదాన్ని. మిషన్ ఆసుపత్రిలో నేర్చుకున్న శుభ్రం అప్పట్లో నా తలకెక్కి ఉండేది. ఫినాయిల్ వాసన రాని మనిషిని నమ్మేదాన్ని కాదు. నెలలు నిండని పిల్లలకు మా దగ్గరున్నది కరెంటుతో వెచ్చగా ఉండే గాజుపెట్టె ఒక్కటే. తల్లులు బిడ్డను ముట్టుకోకూడదన్నది అక్కడి పద్ధతి, దాన్ని పట్టుబట్టి నడిపించేది నేను. ఖర్జూరం తోటల నుంచి వచ్చిన ఒక తల్లి, ఇరవై ఏళ్ళు కూడా ఉండవు, రోజంతా ఆ పెట్టె పక్కనే నిలబడి కొడుకును చూసుకునేది.

చలికాలం. ఒక మధ్యాహ్నం జనరేటర్ ఆగిపోయింది. నేను వేడినీళ్ళ సీసాలు తేవడానికి వెళ్ళి వచ్చేసరికి ఆవిడ బిడ్డను తీసి, అంగీ లోపల గుండెకు అదుముకుని కూర్చుంది. వాడి పెదాలు ఎర్రగా ఉన్నాయి. అది నేను చూశాను. చూసి కూడా, కూడదనడానికి నాకొచ్చిన ఒక్క అరబ్బీ ముక్కతో "మమ్నూ, మమ్నూ" అని అరిచి వాణ్ణి లాక్కుని, పెట్టెలో సీసాల మధ్య పడుకోబెట్టాను. ఆవిణ్ణి బయటికి పంపేశాను. కాసేపటికి సీసాలు చల్లారాయి, వాడి పెదాలు నల్లబడసాగాయి.

"తల్లి దగ్గర వెచ్చగానే ఉన్నాడు గదే, పిలువు ఆవిణ్ణి" అంది నాతో డ్యూటీలో ఉన్న బాపట్ల అక్క. పిలిస్తే నా తప్పు ఒప్పుకున్నట్టవుతుందని పిలవలేదు. జనరేటర్ మళ్ళీ తిరిగింది కాబట్టి వాడు బతికాడు. సాయంత్రం డాక్టరుగారు నా సీసాలను మెచ్చుకుంటే నవ్వి ఊరుకున్నాను. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

ఇంటికి పంపే రోజు బిడ్డను తువ్వాలులో చుట్టి ఇచ్చాను. ఆవిడ రెండు చేతులూ ముందుకు చాచి, వాడు తన గుండెకు తగలకుండా ఎత్తుకుని, సరిగ్గానే పట్టుకున్నానా అన్నట్టు నా వైపు చూసింది. నేను అవునని తల ఊపాను. ఇన్నేళ్ళకు కాదని ఊపినా, చూడటానికి ఆవిడ ఎదురుగా లేదు.