పక్క క్వార్టర్ మావయ్య, నేరేడు కషాయం

ఇది నేనెవరికీ చెప్పలేదు. ల్యాబులో ఇన్సులిన్ తయారుచేసే కణాలున్న ప్లేటు చేతిలోకి తీసుకున్నప్పుడల్లా, అవి మా పక్క క్వార్టర్ మావయ్యవే అనుకునేదాన్ని.

ఆయన బిలాస్‌పూర్‌లో లోకో పైలట్. షుగర్ ఉంది. ఇన్సులిన్ సూది మొదలైతే ఇంజిన్ ఎక్కనివ్వరని ఆయన భయం. డ్యూటీ దిగి వచ్చి, బూట్లైనా విప్పకుండా అరుగు మీద కూలబడేవారు. అత్తయ్య మాత్రతో పాటు నేరేడు గింజల కషాయం తెచ్చేది. తాగేముందు ఆయన, ఇంజిన్‌లో సిగ్నల్ చూసి చెప్పినట్టే చెయ్యి చాచి, "గ్రీన్!" అని గట్టిగా అనేవారు.

"గ్రీనేటి? మీ మొగం చూస్తే రెడ్డే," అనేది అత్తయ్య.

అప్పుడు నావైపు తిరిగేవారు. "ఏటమ్మా, నీ ప్లేటులోవి బతికున్నాయేటి?"

ల్యాబులో నేను పరీక్షిస్తున్నదీ నేరేడు గింజలనే. వాటిలోని పాలీఫినాల్స్ అనే పదార్థాలు ఆ కణాలను కొంత కాపాడుతున్నట్టే కనిపించేది. "బతికాయి మావయ్యా. మనిషిలో ఏమవుతుందో ఇంకా తెలీదు. మాత్రలు మానకండి," అనేదాన్ని.

"అచ్ఛా. ప్లేటుకేటమ్మా, దానికి నైట్ డ్యూటీ లేదు."

మాత్రలూ మానలేదు, కషాయమూ మానలేదు. అయినా ఈ ఏడు మెడికల్ పరీక్ష తర్వాత సూది రాశారు. ఇంజిన్ దింపి, వేరే ఊళ్లో ఆఫీసు పని ఇచ్చారు. సామాను వ్యాన్ ఎక్కించాక, నేను గేటు దగ్గర నిలబడ్డాను. ఆయన అలవాటుగా చెయ్యి చాచారు. ఈసారి గొంతు పెంచలేదు.

"యెల్లో, అమ్మా. ఆగిపొమ్మన్లేదు కదా, మెల్లగా ఎల్లమన్నాది."